రాత్రి రెండున్నర బ్యాకప్: క్రాన్‌ను నమ్ముకునేలా పెట్టుకోవడం

లినక్స్ సర్వర్‌లో ఒక పని రోజూ ఒకే వేళకు దానంతటదే జరగాలంటే ఒక్క లైను చాలు. ఆ లైను రాయడానికి ఐదు నిమిషాలు పట్టదు. చిక్కల్లా, ఆ పని మూడు నెలలుగా జరగడం లేదన్న సంగతి డేటాబేస్ పోయిన రోజునే బయటపడటం. లినక్స్‌లో ఈ పని చూసే క్రాన్ అనే ప్రోగ్రాం, మనం చెప్పిన వేళకు చెప్పిన కమాండ్‌ను మొదలుపెట్టి ఊరుకుంటుంది. పని పూర్తయిందా, సగంలో ఆగిందా, ఖాళీ ఫైలు మిగిలిందా అన్నది దానికి పట్టదు. అందుకే ఇక్కడ ఆ ఒక్క లైను గురించి తక్కువ, దాని చుట్టూ వేయాల్సిన కట్టుదిట్టాల గురించి ఎక్కువ ఉంటుంది.

ఉదాహరణగా ఒకే పనిని మొదటి నుంచి చివరిదాకా పట్టుకుందాం. ఒక ఉబుంటు సర్వర్, అందులో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. రోజూ తెల్లవారుజామున 2:30కి మన టైము ప్రకారం బ్యాకప్ తీయాలి, రెండు వారాలవి ఉంచుకుని పాతవి తీసేయాలి. డెబియన్‌లోనూ అంతా ఇలాగే ఉంటుంది. రెడ్ హ్యాట్, రాకీ, ఆల్మా లినక్స్‌లలో తేడా వచ్చినచోట చెప్తాం.

ఒక మాట: కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాం. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. అంకెలు, చుక్కలు, నక్షత్రాలు, గీతలు ఎలా ఉన్నాయో అలాగే.

ముందు గడియారం

క్రాన్ లైను రాసే ముందు టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టి సర్వర్ ఏ టైమ్‌జోన్‌లో ఉందో చూడండి. క్లౌడ్‌లో కొత్తగా తీసుకున్న మెషీన్ దాదాపు ఎప్పుడూ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. మన టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందు. కాబట్టి ఇక్కడి తెల్లవారుజాము 2:30 అంటే అక్కడ అంతకుముందు రోజు రాత్రి 9 గంటలు. క్రాన్‌లో 30 2 (ముందు నిమిషం, తరువాత గంట) అని రాస్తే ఆ బ్యాకప్ ఇక్కడి ఉదయం 8 గంటలకు, సరిగ్గా జనం లాగిన్ అవుతున్న వేళకు మొదలవుతుంది.

రోజూ జరిగే పనికైతే 0 21 అని మార్చేస్తే సరిపోతుంది. నెలకోసారి, వారానికోసారి జరిగే పనుల్లో తేదీ కూడా మారిపోతుంది. జులై 1 తెల్లవారుజామున 2:30కి జరగాల్సిన లెక్కలు యూటీసీలో జూన్ 30 రాత్రి 9కి పడతాయి. క్రాన్‌లో ఒకటో తేదీ, 21 గంటలు అని పెడితే అవి జులై 2 తెల్లవారుజామున నడుస్తాయి. పోనీ, ముందు నెల ఆఖరి రోజున పెడదామంటే నెల 28తో ముగుస్తుందో 31తో ముగుస్తుందో క్రాన్‌కు తెలియదు. సోమవారం పని కూడా అంతే, ఆదివారం ఖాతాలో రాయాల్సి వస్తుంది.

వాడేవాళ్లంతా భారతదేశంలోనే ఉంటే సర్వర్‌నే మన టైముకు మార్చేయడం మేలు:

సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా

ఆసియాలో ఏ, కోల్‌కతాలో కే పెద్ద అక్షరాలు. మార్చాక క్రాన్ సర్వీస్‌ను తప్పకుండా రీస్టార్ట్ చేయాలి. అప్పటికే నడుస్తున్న క్రాన్ పాత టైమ్‌జోన్‌నే పట్టుకుని కూర్చుంటుంది. సర్వర్లు రెండు మూడు దేశాల్లో ఉంటే మాత్రం అన్నిటినీ యూటీసీలోనే ఉంచి, ప్రతి క్రాన్ లైను పైన మన టైము ఎంతో కామెంట్‌గా రాయండి. లాగ్‌లు పోల్చి చూసేటప్పుడు ఆ పద్ధతి విలువ తెలుస్తుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో వాడే క్రోనీ అనే క్రాన్‌కు క్రాన్_టీజెడ్ అనే సెట్టింగ్ ఉంది, దానితో లైన్లకు వేరే టైమ్‌జోన్ ఇవ్వొచ్చు. ఉబుంటులో మామూలుగా వచ్చే క్రాన్‌కు అది లేదు. అక్కడ క్రాన్‌టాబ్‌లో (క్రాన్ లైన్లు ఉండే ఫైలులో) టీజెడ్ అని పెడితే నడిచే స్క్రిప్ట్‌కు మాత్రమే ఆ టైము కనిపిస్తుంది, మొదలయ్యే వేళ మారదు.

అమెరికా టైములో సర్వర్ నడిపేవాళ్లకు ఇంకో గొడవ. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున గడియారం 2 నుంచి నేరుగా 3కు దూకుతుంది, ఆ రోజు 2:30 అన్నదే లేదు. నవంబర్ మొదటి ఆదివారం 1:30 రెండుసార్లు వస్తుంది. డెబియన్ క్రాన్ దీన్ని కొంతవరకు సర్దుకుంటుంది. దాటిపోయిన పనిని వెంటనే నడుపుతుంది, రెండోసారి వచ్చిన వేళకు మళ్లీ నడపదు. ఆ తెలివిని నమ్ముకోవడం కన్నా 1 నుంచి 3 గంటల మధ్య ఏ పనీ పెట్టకపోవడం సుఖం.

స్క్రిప్ట్ ముందు, షెడ్యూల్ తరువాత

బ్యాకప్ కమాండ్ మొత్తాన్ని క్రాన్ లైనులోనే ఇరికించకండి. ఒక స్క్రిప్ట్‌లో పెట్టి, క్రాన్ నుంచి దాన్ని పిలవండి. మన స్క్రిప్ట్ పేరు రన్, ఉండే చోటు /ఆప్ట్/బ్యాకప్ అనుకుందాం. దీనికోసం వేరే యూజర్‌ను తయారుచేయండి, అన్ని హక్కులూ ఉండే రూట్ ఖాతాతో నడపాల్సిన అవసరం ఇందులో ఏమీ లేదు.

మొదటి లైను #!/బిన్/బాష్. రెండో లైను:

సెట్ -ఇయుఓ పైప్‌ఫెయిల్

ఈ రెండో లైను లేని బ్యాకప్ స్క్రిప్ట్‌ను నమ్మకూడదు. డేటాబేస్‌ను ఫైలుగా తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ నుంచి వచ్చేదాన్ని పైపు ద్వారా, కుదించే ప్రోగ్రాం జీజిప్‌కు పంపుతాం కదా. పాస్‌వర్డ్ తప్పయి డంప్ మొదట్లోనే ఆగిపోయినా జీజిప్ తనకు అందిన శూన్యాన్ని శుభ్రంగా కుదించి 'విజయం' అని చెప్తుంది. పైపులో చివరి కమాండ్ మాటే కమాండ్లను నడిపే షెల్‌కు వేదం. ఫలితం: రోజూ కొత్త తేదీతో ఒక ఫైలు, లోపల ఏమీ ఉండదు. పైప్‌ఫెయిల్ పెడితే పైపులో ఏది ఓడినా మొత్తం ఓడినట్టే. దానితోపాటు ఉన్న ఇ అక్షరం ఓడిన చోటే స్క్రిప్ట్‌ను ఆపేస్తుంది, యు అక్షరం విలువే పెట్టని వేరియబుల్‌తో ముందుకు పోనివ్వదు. పాత ఫైళ్లు తుడిచే లైనులో ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్‌కు విలువే పెట్టకపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

డంప్ కమాండ్‌కు --సింగిల్-ట్రాన్సాక్షన్ ఇవ్వండి. ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే రకం) టేబుళ్లయితే అన్నిటినీ ఒకే క్షణంలో ఉన్నట్టుగా చదువుతుంది, రాసేవాళ్లను ఆపదు. అది ఇవ్వకపోతే డంప్ జరిగినంతసేపూ టేబుళ్లకు తాళం పడుతుంది. ట్రిగ్గర్లు మామూలుగానే డంప్‌లోకి వస్తాయి కానీ స్టోర్డ్ ప్రొసీజర్లు, ఈవెంట్లు రావు. --రొటీన్స్, --ఈవెంట్స్ విడిగా అడగాలి. ఈ సంగతి చాలామందికి రీస్టోర్ చేసిన రోజే తెలుస్తుంది.

పాస్‌వర్డ్‌ను కమాండ్ లైనులోనూ క్రాన్ లైనులోనూ రాయొద్దు. ఆ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో .మై.సీఎన్ఎఫ్ అనే ఫైలులో పెట్టి, దానికి 600 పర్మిషన్ (సొంతదారు తప్ప ఇంకెవరూ చదవలేనిది) ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకు ఇదే పని .పీజీపాస్ చేస్తుంది, దానికీ 600 ఉండాలి, లేకపోతే పోస్ట్‌గ్రెస్ ఆ ఫైలును పట్టించుకోదు. తీసిన బ్యాకప్‌లను కూడా ఇతరులు చదవకుండా స్క్రిప్ట్ మొదట్లోనే యూమాస్క్ 077 అని రాయండి.

ఇక వరుస. డంప్‌ను అసలు పేరుతో రాయకుండా చివర .పార్ట్ అన్న పేరుతో రాయండి. అయ్యాక జీజిప్ -టి తో ఫైలు చెడలేదని చూడండి. తరువాత జెడ్‌క్యాట్‌తో విప్పి టెయిల్‌తో ఆఖరి లైను చూడండి. మైఎస్‌క్యూఎల్‌డంప్ పూర్తిగా ముగిస్తే 'డంప్ కంప్లీటెడ్' అన్న మాట ఆఖర్లో రాస్తుంది. అది ఉంటేనే ఎమ్‌వీ కమాండ్‌తో అసలు పేరు పెట్టండి. ఇలా చేస్తే అసలు పేరుతో కనిపించే ప్రతి ఫైలూ పూర్తి ఫైలే. కరెంటు పోయినా, మెషీన్ రీబూట్ అయినా మిగిలేది .పార్ట్ ముక్క మాత్రమే.

పాతవి తుడవడం అన్నిటికన్నా చివర:

ఫైండ్ /ఆప్ట్/బ్యాకప్/ఫైల్స్ -నేమ్ '*.జీజెడ్' -ఎమ్‌టైమ్ +14 -డిలీట్

+14 అంటే పద్నాలుగు దాటినవి. ఫైండ్ 24 గంటల లెక్కలో భిన్నాన్ని వదిలేస్తుంది కాబట్టి నిండా 15 రోజులు అయినవే పోతాయి. ఈ లైను చివర ఉండటంలోనే అసలు కిటుకు ఉంది. తుడిచే పనిని వేరే క్రాన్ లైనుగా పెడితే, బ్యాకప్ ఆగిపోయినా తుడవడం ఆగదు. పదిహేను రోజుల తరువాత ఫోల్డర్ ఖాళీ. ఒకే స్క్రిప్ట్‌లో, పైన చెప్పిన ఇ అక్షరంతో ఉంటే, ఆ రోజు బ్యాకప్ సఫలం కాకుండా పాతది ఒక్కటీ కదలదు.

తుడిచే ముందు ఆ రోజు ఫైలును ఆర్‌సింక్‌తో ఇంకో మెషీన్‌కు పంపండి. డేటాబేస్ ఉన్న డిస్క్ మీదే బ్యాకప్ కూడా ఉంటే డిస్క్ పోయిన రోజున రెండూ పోతాయి.

క్రాన్ లైను

స్క్రిప్ట్‌ను చేత్తో ఒకసారి నడిపి చూసి, ఆ యూజర్‌గానే ఉండి క్రాన్‌టాబ్ -ఇ కొట్టండి. ఐదు గడులు: నిమిషం 0 నుంచి 59, గంట 0 నుంచి 23, తేదీ 1 నుంచి 31, నెల 1 నుంచి 12, వారం 0 నుంచి 7. వారంలో 0, 7 రెండూ ఆదివారమే. ఆ తరువాత కమాండ్. సేవ్ చేస్తే చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. క్రాన్ ప్రతి నిమిషం లేచి ఫైలు మారిందేమో చూసుకుంటుంది.

క్రాన్‌టాబ్ -ఎల్ ఉన్నది చూపిస్తుంది. క్రాన్‌టాబ్ -ఆర్ ఉన్నదంతా అడగకుండా తుడిచేస్తుంది. కీబోర్డు మీద ఇ పక్కనే ఆర్ ఉంటుంది, వేలు కొంచెం జారితే చాలు. కాబట్టి మార్పులు చేసే ముందు క్రాన్‌టాబ్ -ఎల్ అవుట్‌పుట్‌ను ఒక ఫైలులోకి తీసి దాచుకోండి. ఇంకా మంచిది, ఆ ఫైలునే గిట్‌లో పెట్టి, క్రాన్‌టాబ్ కమాండ్‌కు ఆ ఫైలు పేరు ఇచ్చి ఎక్కించడం.

గడుల్లో జనం తరచూ బోల్తా పడేవి కొన్ని ఉన్నాయి.

*/7 అంటే 'ఏడు నిమిషాలకోసారి' కాదు. గంటలో ఏడుతో భాగించబడే నిమిషాల్లో అని అర్థం: 0, 7, 14 అలా 56 దాకా. 56 తరువాత నాలుగు నిమిషాలకే మళ్లీ 0 వస్తుంది. 60ని నిశ్శేషంగా భాగించే అంకెలకే ఈ రాత సరిగ్గా పనిచేస్తుంది. గంటల గడిలో */5 కూడా ఇంతే, రాత్రి 8 తరువాత నాలుగు గంటలకే 12 అవుతుంది. గంటన్నరకోసారి కావాలంటే ఒక లైనులో కుదరదు, రెండు రాయాలి:

0 0-21/3 * * *
30 1-22/3 * * *

తేదీ గడి, వారం గడి రెండూ నింపితే రెండూ కలవాలని కాదు, ఏదో ఒకటి కలిస్తే చాలని క్రాన్ అనుకుంటుంది. నెలలో మొదటి సోమవారం అనుకుని 0 9 1-7 * 1 అని రాస్తే, ఒకటి నుంచి ఏడో తేదీ దాకా ప్రతిరోజూ, ఆపైన మిగిలిన సోమవారాల్లోనూ నడుస్తుంది. దీనికి 0 9 1-7 * * అని పెట్టి, ఆ రోజు సోమవారమో కాదో స్క్రిప్ట్ మొదట్లో డేట్ +%యు తో చూసుకోవాలి. సోమవారానికి అది 1 ఇస్తుంది. నెలాఖరు రోజు కావాలన్నా ఇదే దారి: 28-31 అని పెట్టి, రేపటి తేదీ 01 అయితేనే ముందుకు సాగమనాలి.

శాతం గుర్తు ఇంకో వల. క్రాన్ లైనులో % వస్తే క్రాన్ దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది, ఆ తరువాతి భాగాన్ని కమాండ్‌కు ఇన్‌పుట్‌గా పోస్తుంది. ఫైలు పేరులో తేదీ పెట్టాలని డేట్ కమాండ్ వాడినవాళ్లంతా ఏదో ఒక రోజు దీని పాల పడతారు. చేత్తో నడిపితే పనిచేస్తుంది, క్రాన్‌లో చావదు బతకదు. క్రాన్ లైనులో \% అని రాయాలి. స్క్రిప్ట్ లోపలైతే ఈ బాధ లేదు, అందుకే తేదీలూ పేర్లూ స్క్రిప్ట్‌లోనే పెట్టమనడం.

/ఈటీసీ/క్రాన్.డి ఫోల్డర్‌లోని ఫైళ్లలో వేళకూ కమాండ్‌కూ మధ్య యూజర్ పేరు కూడా రాయాలి. అక్కడి లైనును అలాగే తెచ్చి క్రాన్‌టాబ్ -ఇ లో అతికిస్తే ఆ యూజర్ పేరునే కమాండ్ అనుకుంటుంది. డెబియన్, ఉబుంటులలో ఆ ఫోల్డర్‌లోనూ, క్రాన్.డైలీ లాంటి ఫోల్డర్లలోనూ ఫైలు పేరులో చుక్క ఉండకూడదు. బ్యాకప్.ఎస్‌హెచ్ అని పెడితే చప్పుడు లేకుండా వదిలేస్తుంది, బ్యాకప్ అని పెడితే నడుపుతుంది. క్రాన్.డి లోని ఫైలు రూట్ సొంతమై ఉండాలి, ఇతరులు రాయగలిగేలా ఉండకూడదు. ఆఖరి లైను చివర ఎంటర్ ఉండటం కూడా చూసుకోండి.

క్రాన్‌కు మీ టెర్మినల్ తెలియదు

'చేత్తో నడిపితే నడుస్తోంది, క్రాన్‌లో నడవడం లేదు' అన్న ఫిర్యాదుకు పదింట తొమ్మిదిసార్లు కారణం ఒకటే. మీరు లాగిన్ అయినప్పుడు .బాష్ఆర్‌సీ, ప్రొఫైల్ ఫైళ్లు చదివి షెల్ మీకు పాత్‌ను (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాను), వేరియబుల్స్‌ను అమర్చిపెడుతుంది. క్రాన్ అవేవీ చదవదు. ఉబుంటులో యూజర్ క్రాన్‌టాబ్‌కు మామూలుగా దక్కే పాత్ /యూఎస్ఆర్/బిన్, /బిన్ మాత్రమే. /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో పెట్టుకున్నవి, ఎన్‌వీఎమ్‌తో వచ్చిన నోడ్, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఏవీ దానికి కనిపించవు. షెల్ కూడా బాష్ కాదు, /బిన్/ఎస్‌హెచ్, అంటే ఉబుంటులో డాష్. సోర్స్ అన్న కమాండ్, రెండేసి చదరపు బ్రాకెట్ల పరీక్ష దానికి తెలియవు. పని మొదలయ్యే ఫోల్డర్ కూడా ఆ యూజర్ హోమ్.

ముందే పట్టుకోవాలంటే రాత్రి దాకా ఆగనక్కర్లేదు. ఖాళీ వాతావరణంలో ఇప్పుడే నడిపి చూడండి:

ఎన్‌వ్ -ఐ హోమ్=/హోమ్/బ్యాకప్‌యూజర్ పాత్=/యూఎస్ఆర్/బిన్:/బిన్ /బిన్/ఎస్‌హెచ్ -సి '/ఆప్ట్/బ్యాకప్/రన్'

హోమ్, పాత్ అన్న వేరియబుల్ పేర్లు పెద్ద అక్షరాల్లో. ఇందులో నడిస్తే క్రాన్‌లోనూ దాదాపు నడుస్తుంది. నడవకపోతే స్క్రిప్ట్‌లో ప్రతి ప్రోగ్రాంకూ పూర్తి దారి ఇవ్వండి, లేదా స్క్రిప్ట్ మొదట్లోనే పాత్‌ను మీరే రాయండి. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసే ప్రయత్నమే వద్దు. దాని బిన్ ఫోల్డర్‌లోని పైథాన్‌ను పూర్తి దారితో పిలిస్తే అంతే పని జరుగుతుంది.

డాకర్ వాడేవాళ్లు ఎగ్జెక్‌కు -ఐటి ఇచ్చే అలవాటును ఇక్కడ మానుకోవాలి. క్రాన్‌కు టెర్మినల్ ఉండదు కాబట్టి టి ఉంటే ఎర్రర్‌తో ఆగిపోతుంది. విండోస్‌లో రాసి ఎక్కించిన స్క్రిప్ట్‌లో లైను చివర కనపడని అక్షరం ఒకటి ఉంటుంది, దాంతో బాష్ దొరకలేదన్న వింత ఎర్రర్ వస్తుంది. డాస్2యూనిక్స్‌తో ఒకసారి శుభ్రం చేయండి.

ఒకదాని మీద ఒకటి పడకుండా

క్రాన్ నిన్నటి పని ముగిసిందా అని చూడదు. ఐదు నిమిషాలకోసారి నడిచే పని ఒక రోజు ఏడు నిమిషాలు పడితే రెండోది దాని పక్కనే మొదలవుతుంది. రెండూ డిస్క్ కోసం కొట్టుకుని ఇంకా నెమ్మదిస్తాయి, మూడోది వస్తుంది. గంటలో సర్వర్ కూలబడుతుంది. ఫ్లాక్ దీనికి మందు. పూర్తి లైను ఇలా ఉంటుంది:

30 2 * * * ఫ్లాక్ -ఎన్ /ఆప్ట్/బ్యాకప్/లాక్ టైమ్‌అవుట్ 2హెచ్ /ఆప్ట్/బ్యాకప్/రన్ >> /ఆప్ట్/బ్యాకప్/లాగ్ 2>&1

ఫ్లాక్ -ఎన్ తాళం దొరక్కపోతే ఎదురుచూడకుండా వెనక్కి వెళ్లిపోతుంది. పని చచ్చినా, మెషీన్ రీబూట్ అయినా తాళం దానంతటదే వదులుతుంది. అందుకే సొంతంగా ఒక ఫైలు పెట్టి 'ఉంటే ఆగు' అని రాసుకునే పాత పద్ధతి కన్నా ఇది ఎంతో నయం. ఆ పద్ధతిలో ఒకసారి పని మధ్యలో చస్తే ఫైలు మిగిలిపోయి, ఎవరో వచ్చి తీసేదాకా పని మళ్లీ నడవదు. ఫ్లాక్ ఫైలు మాత్రం ఎప్పుడూ అక్కడే పడి ఉంటుంది, దాన్ని తుడవకండి, తుడిస్తే రెండు పనులు రెండు వేర్వేరు తాళాలు పట్టుకునే ప్రమాదం ఉంది. స్క్రిప్ట్ వెనకాల ఏదైనా ప్రాసెస్‌ను వదిలేసి వెళ్తే తాళం దానితోనే ఉండిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

టైమ్‌అవుట్ లేకుండా ఫ్లాక్ ఒక్కటే పెడితే సగం పనే. నెట్‌వర్క్ బిగుసుకుపోయి ఆర్‌సింక్ మూడు రోజులు అలాగే వేలాడితే, ఫ్లాక్ మూడు రోజులూ తన బాధ్యతగా మిగిలినవాటిని వెనక్కి పంపుతూనే ఉంటుంది. మామూలుగా పట్టే సమయానికి మూడు నాలుగు రెట్లు పరిమితి ఇవ్వండి. పరిమితి దాటి ఆపాల్సి వస్తే టైమ్‌అవుట్ 124 అన్న కోడ్ ఇస్తుంది.

లైను చివరి 2>&1 ఎర్రర్లను కూడా లాగ్‌లోకి పంపుతుంది. అది >> తరువాతే రావాలి. ముందు రాస్తే ఎర్రర్లు లాగ్‌కు కాక క్రాన్ మెయిల్‌కు పోతాయి. లాగ్ ఫోల్డర్ లేకపోయినా, అక్కడ రాసే హక్కు ఆ యూజర్‌కు లేకపోయినా స్క్రిప్ట్ అసలు మొదలే కాదు, ఎందుకంటే షెల్ ముందు లాగ్‌ను తెరిచి ఆ తరువాతే కమాండ్‌ను నడుపుతుంది. ఈ లాగ్ పెరుగుతూ పోతుంది కాబట్టి లాగ్‌రొటేట్‌కు అప్పజెప్పండి.

జరగలేదని తెలిసేది ఎలా

క్రాన్‌కు మెయిల్ పంపే గుణం పుట్టుకతో ఉంది. అవుట్‌పుట్ ఏదైనా వస్తే మెయిల్‌టు అన్న వేరియబుల్‌లోని చిరునామాకు పంపుతుంది. కానీ ఇప్పటి క్లౌడ్ సర్వర్లలో మెయిల్ పంపే ప్రోగ్రాం ఉండదు. అప్పుడు ఉబుంటు క్రాన్ 'మెయిల్ ప్రోగ్రాం లేదు, అవుట్‌పుట్ పారేస్తున్నాను' అన్న అర్థంలో లాగ్‌లో ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. ఎర్రర్ ఏమిటో గాలికి పోతుంది. అదీగాక, మెయిల్ వస్తేనే తప్పు జరిగినట్టు అనుకునే ఏర్పాటులో పెద్ద లోపం ఉంది. సర్వరే ఆగిపోతే, క్రాన్ సర్వీసే చస్తే, మెయిల్ ఎవరు పంపుతారు?

కాబట్టి లెక్క తిరగేయాలి. పని సఫలమైనప్పుడు కబురు రావాలి, రాకపోతే వేరేచోట గంట మోగాలి. స్క్రిప్ట్ ఆఖరి లైనుగా, పది సెకన్ల పరిమితితో, కర్ల్ ఒక మానిటరింగ్ సర్వీస్ యూఆర్‌ఎల్‌ను తాకుతుంది. నిర్ణీత సమయంలో ఆ తాకిడి రాకపోతే ఆ సర్వీస్ మీకు ఫోన్‌కు సందేశం పంపుతుంది. బయటి సర్వీస్ వద్దనుకుంటే బ్యాకప్‌లు చేరే రెండో మెషీన్ మీద ఒక చిన్న పరీక్ష పెట్టండి: గత 26 గంటల్లో వచ్చిన ఫైలు ఉందా, దాని సైజు నిన్నటి దానికి దగ్గరగా ఉందా. ఫైండ్‌కు అది -ఎమ్‌మిన్ -1560. ఆర్‌సింక్‌కు -ఎ ఇచ్చి ఉంటే ఫైలు పాత టైమే నిలుస్తుందన్నది లెక్కలో ఉంచుకోండి. 24 గంటలు పెడితే బ్యాకప్ పది నిమిషాలు ఆలస్యమైన ప్రతి రాత్రీ అనవసరంగా నిద్ర లేపుతుంది, వారంలో జనం ఆ సందేశాలను చూడటం మానేస్తారు. ఈ పరీక్ష బ్యాకప్ తీసే మెషీన్ మీదే ఉంటే పెట్టినట్టే కాదు.

నెలకోసారి ఒక ఫైలును ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, రెండు మూడు పెద్ద టేబుళ్లలో వరుసల సంఖ్య చూడండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. నిజంగా అవసరం పడ్డ రోజున 'ఎప్పటికి వస్తుంది' అని అడిగేవాళ్లకు చెప్పడానికి ఆ అంకె ఒక్కటే ఉంటుంది.

సిస్టమ్‌డీ టైమర్ ఎప్పుడు

రెండు ఫైళ్లు రాయాలన్న బద్ధకం తప్ప, కొత్తగా పెట్టే ముఖ్యమైన పనులకు, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఇచ్చే టైమర్ మెరుగు. బ్యాకప్.సర్వీస్‌లో టైప్=వన్‌షాట్ అని, యూజర్ పేరు, ఎగ్జెక్‌స్టార్ట్‌కు స్క్రిప్ట్ దారి. బ్యాకప్.టైమర్‌లో ఇవి:

[టైమర్]
ఆన్‌క్యాలెండర్=*-*-* 02:30:00 ఆసియా/కోల్‌కతా
పర్సిస్టెంట్=ట్రూ

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=టైమర్స్.టార్గెట్

సర్వర్ యూటీసీలో ఉన్నా టైమ్‌జోన్‌ను లైనులోనే చెప్పొచ్చు, మొదట్లో చూసిన ఒకటో తేదీ తలనొప్పి ఇక్కడితో పోతుంది. పని ఇంకా నడుస్తుంటే టైమర్ రెండోదాన్ని మొదలుపెట్టదు, ఫ్లాక్ అక్కర్లేదు. అవుట్‌పుట్ మొత్తం జర్నల్‌లోకి, అంటే సిస్టమ్‌డీ లాగ్‌లోకి వెళ్తుంది. రాసిన వేళ సరైనదో కాదో సిస్టమ్‌డీ-అనలైజ్ క్యాలెండర్ చెప్తుంది, తరువాత ఎప్పుడు నడుస్తుందో సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్ చూపిస్తుంది. వన్‌షాట్‌కు సమయ పరిమితి మామూలుగా ఉండదు, టైమ్‌అవుట్‌స్టార్ట్‌సెక్ మీరే ఇవ్వాలి.

పర్సిస్టెంట్ అంటే మెషీన్ ఆగి ఉన్నప్పుడు దాటిపోయిన పనిని లేవగానే చేయడం. ల్యాప్‌టాప్‌కు, ఆఫీసు పీసీకి ఇది వరం. బిజీ సర్వర్‌లో మాత్రం ఆలోచించి పెట్టండి. రాత్రి ఆగిన సర్వర్ పగలు 11కి లేస్తే, జనం ఎగబడుతున్న ఆ క్షణంలోనే బ్యాకప్ కూడా మొదలవుతుంది. ఎనేబుల్ --నౌ చేయాల్సింది టైమర్‌ను, సర్వీస్‌ను కాదు.

నడవలేదంటే వెతికే వరుస

మొదట క్రాన్ దాన్ని మొదలుపెట్టిందా లేదా తేల్చండి: జర్నల్‌సీటీఎల్ -యు క్రాన్. రెడ్ హ్యాట్ కుటుంబంలో సర్వీస్ పేరు క్రాన్‌డి, లాగ్ /వార్/లాగ్/క్రాన్. అక్కడ సీఎమ్‌డీ అన్న లైను ఉంటే మొదలైందని మాత్రమే అర్థం, ముగిసిందని కాదు. లైను ఉంటే తప్పు స్క్రిప్ట్‌లోనో పాత్‌లోనో లాగ్ ఫైలు హక్కుల్లోనో ఉంది. లేకపోతే క్రాన్ సర్వీస్ నడుస్తోందా, టైమ్‌జోన్ ఏది, మీరు మార్చింది ఏ యూజర్ క్రాన్‌టాబ్ అన్నవి చూడండి. సుడో పెట్టి క్రాన్‌టాబ్ -ఇ కొడితే తెరుచుకునేది రూట్ క్రాన్‌టాబ్, మీది కాదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, నిన్నటిదాకా నడిచింది హఠాత్తుగా ఆగితే రెండు చూడండి. ఒకటి డీఎఫ్ -హెచ్, ఆపైన డీఎఫ్ -ఐ. చోటు ఉన్నా ఐనోడ్‌లు (ఫైలుకొకటి చొప్పున డిస్క్‌లో ఉండే నమోదులు) అయిపోతే కొత్త ఫైలు పుట్టదు. రెండోది ఆ యూజర్ పాస్‌వర్డ్ గడువు. ఎప్పుడూ ఎవరూ లాగిన్ కాని ఖాతా అయినా గడువు తీరితే ఖాతాల హక్కులు చూసే పామ్ క్రాన్‌ను లోపలికి రానివ్వదు, ఆ యూజర్ పనులన్నీ ఒకే రోజున ఆగిపోతాయి. చేజ్ -ఎల్ తరువాత ఆ యూజర్ పేరు ఇస్తే గడువు కనిపిస్తుంది, చేజ్ -ఎమ్ -1 దాన్ని ఎత్తేస్తుంది. ఇందులో ఎమ్ పెద్ద అక్షరం, ఎల్ చిన్నది.